అల్లుడి జత

హనుమకొండ,
జనవరి మొదటివారం.

మద్దిగూడెం బ్రాంచి పోస్టాఫీసును ఒంటిచేత్తో ఏలుతున్న పోస్ట్‌మాస్టర్ నవనీతక్క సముఖానికి,

నీ పిన్ని కొడుకు వినయ్ తల వంచి రాసుకుంటున్నాడు. మెడ పట్టేసింది కాబట్టి వంచక తప్పలేదు.

"నువ్వు ఉత్తరాలు రాయకపోతే ఈ ఊరికి టపానే లేదని పైవాళ్లు నా బ్రాంచి మూసేస్తరురా" అని పోయేటప్పుడు బెదిరించావు కదా. మీ ఊళ్లో ఫోను మోగాలంటే గుట్ట ఎక్కాలి కాబట్టి, నీ ఉద్యోగం నా చేతిరాత మీద ఆధారపడి ఉంది కాబట్టి, ఈ త్యాగానికి పూనుకున్నాను.

ముఖ్య వార్త. నాకు ఉద్యోగం వచ్చింది. మామ దుకాణంలోనే. ఎంబీఏ చదివి చీరలు మడతపెడుతున్నాడని ఊరంతా నవ్వకుండా నాకు నేనే ఒక హోదా ఇచ్చుకున్నాను: చిరునామాల శుద్ధి అధికారి. నవ్వకు. ఇది ఎంత గంభీరమైన పదవో చెప్తాను.

మన లక్ష్మీనర్సయ్య మామ దగ్గర పెళ్లిబట్టలు తీసుకున్న ప్రతి అమ్మాయి పేరూ, పుట్టింటి చిరునామా, అత్తింటి చిరునామా రాసిపెట్టుకుంటారని నీకు తెలుసు. పెళ్లయిన మూడో ఏడు, ఐదో ఏడు రాగానే రెండిళ్లకూ పసుపు అంచు కార్డులు పోతాయి. పుట్టింటికేమో "మీ ఆడబిడ్డకు ఈ ఏడు ఒడిబియ్యం పోయవలెను, మరువకండి" అని. వాళ్లు మరువరు. కూతురి కొంగులో పసుపు బియ్యం పోసేటప్పుడు ఆమెకు చీర, అల్లుడికి బట్టల జత పెట్టాలి కదా, అవి కొనడానికి నేరుగా మన మెట్లే ఎక్కుతారు. ఊళ్లో ఎన్ని మాల్స్ వచ్చినా మామ గల్లా నడుస్తున్నదంటే ఆ కార్డుల పుణ్యమే.

ఇప్పుడు సగం కార్డులు తిరిగొస్తున్నాయి. జనం ఇళ్లు మారుతున్నారు, గేట్లకు నంబర్లు మారుతున్నాయి. మామ ఒక్కో వాపసు కార్డునూ చేతిలో పట్టుకుని, "గిది తిరిగొచ్చిందంటే ఒక ఆడపిల్ల మన చేతుల్నుంచి తప్పిపోయినట్టేరా" అని కళ్లు తుడుచుకుంటాడు. లిస్టు మొత్తం సాపు చేసి చూపిస్తే మడికొండలో పెట్టబోయే కొత్త దుకాణం నాకే అప్పజెప్తానన్నాడు. కాబట్టి దేశసేవలో ఉన్నాను.

నీతో పని పడింది. వాసంతి అని కొత్తవాడ జంఖానా తివాచీలు నేసేవాళ్ల బిడ్డ. భర్త దేవదాస్. ఈ ఏడు ఐదో ఏడు. అత్తిల్లు మడికొండ అని ఉంది, మూడో ఏడు పంపిన కార్డు "ఖాళీ చేశారు" అని తిరిగొచ్చింది. నేను స్వయంగా వెళ్లాను. ఇంటి ఓనరు విజయలక్ష్మి గారు, "ఒక్కమాట చెప్పకుంట పోయిన్రు బిడ్డా. ములుగు దిక్కు అన్నట్టు యాది" అన్నారు. ఆ దిక్కంతా నీ రాజ్యమే కదా. ఆచూకీ తీసి పంపుము.

నీ విధేయుడు, మెడనొప్పిగాడు
వినయ్

*

మద్దిగూడెం,
జనవరి.

వినయ్‌కు,

ఉత్తరం అందింది. స్టాంపు తలకిందులుగా అంటించావు. ఎంబీఏలో ఇది నేర్పరేమో.

కొత్త ఉద్యోగం సంతోషం. మామ కంటినీళ్లను మాత్రం మరీ నమ్మకు, చిట్టీ పాడినప్పుడు కూడా అట్లే ఏడుస్తాడు.

నువ్వడిగిన మనిషి ఇక్కడ లేదు. ఆ పేరు కొట్టేసి తర్వాతది చూసుకో. ఇల్లు మారిన ప్రతి మనిషీ తనను వెతకాలని కోరుకోదు తమ్ముడూ.

ఇక్కడ చలి బాగా ఉంది. జాతర లేని ఏడు కాబట్టి బండ్లు తక్కువ, ములుగుకూ మాకూ మధ్య ఒక్కటే జీపు తిరుగుతున్నది. పోస్టాఫీసు పక్క గదిలో ఒకామె కుట్టుమిషను పెట్టింది. జాకెట్లు చక్కగా కుడుతుంది. పగలంతా మిషను చప్పుడు వింటుంటే ఒక్కదాన్నే ఉన్నట్టు లేదు.

పిన్నిని అడిగానని చెప్పు.

నవనీత

*

హనుమకొండ,
ఫిబ్రవరి.

తన రాజ్యంలో ఎవరున్నారో తనకే తెలియని మహారాణి నవనీతక్కకు,

విజయ వార్త! డప్పు కొట్టించు. మద్దిగూడెంలో డప్పు లేకపోతే స్టాంపు ముద్రే బల్లకేసి కొట్టు.

నువ్వు "లేదు" అన్నావని నేను ఊరుకుంటానా? శుద్ధి అధికారి ఊరుకుంటే శుద్ధి ఎట్లా జరుగుతుంది? ఆదివారం ములుగు బస్టాండులో దిగాను. జీపుల అడ్డా దగ్గర ఛాయ్ తాగుతూ, గూఢచారిలా మొహం పెట్టి, "అన్నా, దేవదాస్ అని..." అన్నానో లేదో ఒక డ్రైవరన్న, "దేవదాసా? మద్దిగూడెం బండి ఆయనదే గద! ఆయన భార్య పోస్టాఫీసు పక్కపొంటనే మిషను కుడ్తది" అన్నాడు.

అక్కా! నీ పక్క గది! నువ్వు జాకెట్టు కుట్టించుకుంటూ పేరైనా అడగలేదా? ఈ సంగతి మీ పైఆఫీసుకు తెలిస్తే నీ పరువేం కాను? నా దగ్గర భద్రంగా ఉంటుందిలే.

ఇంకా ఉంది. నా మేధస్సుకు ఒక కొత్త ఆలోచన పుట్టింది. పుట్టింటివాళ్లకు కార్డు పంపుతాం సరే, కూతురు ఇల్లు మారిందని వాళ్లకు తెలియకపోతే? ఒడిబియ్యం మూట నెత్తిన పెట్టుకుని పాత ఇంటి తలుపు కొడతారు కదా! అందుకని పుట్టింటి కార్డు అడుగున "మీ ఆడబిడ్డ ప్రస్తుత చిరునామా" అని అచ్చు వేయించాను. సేవ అంటే ఇదీ. మామ చూసి నా భుజం తట్టాడు. అట్లాంటి ఇట్లాంటి తట్టడం కాదు, మడికొండ దుకాణం తాళంచెవి గలగలమన్నంత గట్టిగా.

పొద్దున్నే కార్డులన్నీ డబ్బాలో వేసి వచ్చాను. వాసంతిగారి కార్డుకు నేనే దండం పెట్టి వేశాను, అంత కష్టపెట్టింది మరి. నీ పక్కగదికి కూడా ఒకటి వస్తున్నది. ఈసారి మాత్రం "లేదు" అనకు.

జయభేరి మోగిస్తూ
వినయ్

*

మద్దిగూడెం,
ఫిబ్రవరి.

వినయ్,

దీన్ని టపాలో వేయడం లేదు. జీపులో ములుగుదాకా పంపి, అక్కడ బస్సు కండక్టర్ కుమారస్వామి చేతికి ఇప్పిస్తున్నాను. అందగానే చదువు.

వాసంతి పేరు నాకు తెలుసు. మొదటిరోజే తెలుసు. నీకు కావాలనే అబద్ధం రాశాను. చదివి ఊరుకుంటావనుకున్నాను, నువ్వు ములుగుదాకా వచ్చి వెతుకుతావనుకోలేదు.

ఆమెది ఇంట్లో ఒప్పుకున్న పెళ్లి కాదు. దేవదాస్ వాళ్లు వేరే కులం. వాళ్లు మడికొండలో కాపురం పెట్టిన సంగతి ఆమె అన్న ఓంకార్‌కు తెలిసింది. అతను నలుగురిని వెంటేసుకుని వచ్చి దేవదాస్ కుడిచేయి విరగ్గొట్టాడు. మళ్లీ దొరికితే చేతితో వదలనని చెప్పిపోయాడు. ఆ చేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. ఒంకర చేత్తోనే స్టీరింగు తిప్పుతాడు. ఇంటి ఓనరుకు చెప్పకుండా ఎందుకు పోయారో ఇప్పుడు అర్థమైందా?

మిషను పెట్టిన రోజే నా దగ్గరికి వచ్చి, "అక్కా, నా పేరు మీద ఎవరడిగినా నేను లేనని చెప్పున్రి" అంది. ఇన్నాళ్లూ చెప్పాను. నువ్వు ఒక్క వరుస అచ్చు వేయించి ఆమె ఇంటికి దారి చూపించావు.

కొత్తవాడకు పోయే కార్డును ఆపు. పోస్టుమ్యాన్ కాళ్లు పట్టుకుంటావో, వాళ్ల గుమ్మంలో నిలబడతావో, నాకు తెలియదు. ఆపు.

నవనీత

*

హనుమకొండ,
ఫిబ్రవరి.

అక్కా,

ఆపలేకపోయాను.

నీ చీటీ అందేసరికి దుకాణంలో ఉన్నాను. చదివి బండి తీస్తుంటే మెట్ల మీద ఒక పెద్దామె, ఆమె వెనక ఒకతను. ఆమె చేతిలో పసుపు అంచు కార్డు. నేను అచ్చు వేయించిందే.

మామే వాళ్లను కూర్చోబెట్టాడు. ఆమె పేరు లింగమ్మ, వాసంతి తల్లి; వెనకున్నతను ఆ ఓంకారే. కార్డును మామ ముందు పెట్టి, "గీ అడ్రస్ నిజమేనా సేటూ?" అంది. మామకేం తెలుసు పాపం. "మా వినయ్ సొంతంగ పోయి కనుక్కొచ్చిండు, నూటికి నూరుపాళ్లు నిజం" అని నా వైపు గర్వంగా చూశాడు. ఓంకార్ కూడా చూశాడు. అంత నెమ్మదిగా చూసే మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

చీర చూపించమన్నారు. ఆమె ఆకుపచ్చది తీసింది, జాకెట్టు గుడ్డ తీసింది. అల్లుడి జత చూపిద్దామని మామ పంచెల కట్ట దించాడు. ఓంకార్ చేయి అడ్డం పెట్టాడు.

"అది అక్కర్లే."

మామ నవ్వాడు. "గట్లెట్ల కొడుకా? ఒడిబియ్యమంటే ఆలుమొగలు పక్కపక్కకు కూసోవాలె. అల్లునికి జత లేకుంట..."

"అల్లుడెవడు?" అన్నాడు ఓంకార్. గొంతు పెంచలేదు. లింగమ్మగారు తల దించుకుని చీర అంచునే తడుముతూ కూర్చుంది.

వాళ్లు పోయాక మామకు అంతా చెప్పాను. "ఆ పిల్ల యాదికున్నది నాకు. పెండ్లిచీరకు ఆ పిల్లగాడు, ఆమె, ఇద్దరే వచ్చిన్రు. పెద్దలెవ్వరు లేరు. అయినా పుట్టింటి అడ్రస్ అడిగితే సొంతంగ రాసింది. నేనే నెత్తిమీద చెయ్యి పెట్టి పంపిన" అన్నాడు. తర్వాత, "ఇన్నేండ్ల దుకాణంల అల్లుని జత లేకుంట ఒడిబియ్యం బట్టలు అమ్మలేదురా. గిదే మొదలు" అన్నాడు.

శుక్రవారం వస్తారట. ఆమెను ముందే అక్కణ్నుంచి పంపించెయ్. పోలీసులకు చెప్పు. నన్ను తిట్టు. ఏదో ఒకటి చెయ్.

వినయ్

*

మద్దిగూడెం,
బుధవారం.

వినయ్,

చెప్పాను. పోనంటోంది. "అన్న ఒక్కడే వస్తే పోయేదాన్నక్కా. అమ్మ గూడ వస్తాంది. అయిదేండ్లయింది అమ్మను చూడక. బియ్యం తెస్తాందో ఏం తెస్తాందో, తలుపు మూసి ఉంటే ఎట్ల తెలుస్తది?" అంటోంది.

పోలీసుల మాటెత్తితే, "మా అమ్మ నా గుమ్మంల పోలీసోళ్లను చూడాల్నా?" అంది.

దేవదాస్ జీపు కడుగుతున్నాడు. ఈ వేళ రెండోసారి.

నవనీత

*

కొత్తవాడ,
గురువారం, టీకొట్టు బల్ల మీద.

అక్కా,

ఓంకార్ దగ్గరికే వచ్చాను. మగ్గాల షెడ్డు బయట నిలబెట్టి మాట్లాడాను. నా బుర్రకు తోచిన అతి గొప్ప ఉపాయం అమలు చేశాను: "అన్నా, ఆ అడ్రస్ తప్పు అచ్చయింది."

అతను చేతులు తుడుచుకుంటూ, "అట్లనా? మరి సరైంది చెప్పు" అన్నాడు.

కాలేజీలో ఏ లెక్చరరునైనా అయిదు నిమిషాలు నవ్వించగలిగినవాణ్ని, ఒక్క అబద్ధపు ఊరి పేరు గుర్తు రాలేదు.

"నువ్వు మంచిగనే పనిచేసినవ్ తమ్మీ. ఇప్పుడెందుకు భయపడ్తానవ్?" అని లోపలికి పోయాడు. మగ్గం మీద వాళ్ల నాన్న రాంచందర్ గారు తల ఎత్తలేదు. పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆగలేదు.

మామ నన్ను బస్సెక్కనియ్యడం లేదు. "నువ్వు పోయి ఇంకేం శుద్ధి చేస్తవ్?" అన్నాడు. ఈ చీటీ కుమారస్వామికి ఇస్తున్నాను. ఏమైనా సరే, రేపు తిరుగు బస్సుకు నాలుగు అక్షరాలు పంపు.

వినయ్

*

మద్దిగూడెం,
శుక్రవారం.

వినయ్,

ముందు ఒక్క మాట. అందరూ బతికే ఉన్నారు. ఇక నిదానంగా చదువు.

ములుగు నుంచి మా ఊరికి ఒక్కటే జీపని రాశాను కదా. పొద్దున్నే దేవదాస్ బండి తీసుకుని బస్టాండుకు పోయాడు. నేను వద్దన్నాను, వాసంతి వద్దంది. "నేను పోకుంటే అత్తమ్మ ఎండల నిలబడ్తది" అని పోయాడు. తర్వాత జరిగింది అతనే చెప్పాడు.

వాళ్లిద్దరూ బస్సు దిగారు. లింగమ్మగారి నెత్తిన మూట. ఓంకార్ చేతిలో సంచి. దేవదాస్ ఎదురుగా నిలబడి, "మద్దిగూడేనికి గీ బండొక్కటే" అన్నాడు. ఓంకార్ అతని చేయి వైపు చూశాడు. ఒంకర తిరిగిన మోచేయి వైపు. అడ్డాలో మిగతా డ్రైవర్లంతా ఛాయ్ గ్లాసులు కింద పెట్టేశారు. లింగమ్మగారు ఎవరినీ అడగకుండా పోయి వెనక సీట్లో కూర్చుంది. ఇక అతనూ ఎక్కక తప్పలేదు. అడివి దారి పొడుగునా ఒక్క మాట లేదట. వాగు దగ్గర గుంటలో పడి బండి ఎగిరినప్పుడు మాత్రం, "అమ్మ ఉన్నది, నిమ్మలంగ తోలు" అన్నాడట ఓంకార్. చేయి విరగ్గొట్టిన నాటి తర్వాత బావతో అతనన్న మొదటి మాట అది.

వాసంతి గుమ్మంలోనే ఉంది. తల్లీ కూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఓంకార్ గడప దాటలేదు. నేను పోస్టాఫీసు తలుపు తెరిచి పెట్టి, ముద్ర చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆ ముద్రతో నేనేం చేయగలనో నాకే తెలియదు.

లింగమ్మగారు పీట వేసింది. ఒక్కటే పీట. ఆకుపచ్చ చీర తీసింది. మూట విప్పింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు. "కూసో బిడ్డా, ఒడి పట్టు" అంది.

వాసంతి నిలబడే ఉంది. "అమ్మా, ఆయన జత ఏది?"

తల్లి కొడుకు వైపు చూసింది.

"ఒడిబియ్యం నీకు. వానికేంది?" అన్నాడు ఓంకార్ గడప అవతల నుంచే.

"అయితే నాకొద్దన్నా."

"ఏమన్నవ్?"

"నీ చేతికి దొరికిననాడు ఆయన తిరిగి కొట్టలేదు, ఎందుకు? నా అన్నవని. ఆయన పక్కకు లేకుంట నేను ఒడి పట్టను. మీరు తెచ్చిన బియ్యం మంచియే, నా కండ్ల కద్దుకుంట. కొంగుల మాత్రం పోయించుకోను."

ఓంకార్ గడప దాటాడు వినయ్. దేవదాస్ జీపు దిగలేదు, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి అట్లాగే కూర్చున్నాడు. ఓంకార్ చెల్లెలి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆమె వెనక్కి జరగలేదు. కొంగు నడుముకు బిగించుకుంది, అంతే. చివరికి అతను పీటను కాలితో పక్కకు నెట్టి, "పోదాం పా అమ్మా" అన్నాడు.

లింగమ్మగారు బియ్యం మళ్లీ మూటకట్టింది. ఇంటికి తీసుకుపోలేదు. నా దగ్గరికి వచ్చి బల్ల మీద పెట్టింది. "ఒడిబియ్యం తిరిగి ఇంటికి తీస్కపోవద్దు బిడ్డా. గీడ పెట్టు. మళ్లొస్తం" అంది.

తీసుకునేవాళ్లు లేని టపాను మేము వారంపాటు ఉంచుతాము. తర్వాత పంపినవాళ్లకు తిప్పి పంపాలి. రూలు ప్రకారం ఆమెకు అదే చెప్పాను. ఆమె తలూపి, అదే జీపెక్కి పోయింది.

మూట నా బల్ల మీదే ఉంది. పసుపు వాసన గదంతా నిండింది. పక్క గదిలో మిషను నడవడం లేదు.

నవనీత

*

హనుమకొండ,
మార్చి.

అక్కా,

మూటకు నువ్వు పెట్టిన వారం గడువు గుర్తుంచుకునే రాస్తున్నాను, ఇదీ సాయంత్రం బస్సుకు కుమారస్వామి చేతికే ఇస్తున్నాను.

ముందు లిస్టు సంగతి. ఇక మీదట ఏ ఆడపిల్ల చిరునామా అయినా ఆమె నోట వింటేనే రాస్తాను. ఎవరి కార్డు మీదా ఇంకొకరి చిరునామా ఉండదు. "గట్లయితే లిస్టెప్పుడు పూర్తయితది?" అన్నాడు మామ. "కాదు" అన్నాను. మడికొండ దుకాణం మాట అప్పట్నుంచి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా పదవికి నేనే రాజీనామా ఇచ్చుకుని నేనే ఆమోదించుకున్నాను.

ఈ పొద్దు గల్లా దగ్గర కూర్చుని ఉంటే ఓంకార్ వచ్చాడు. ఒక్కడే. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. మామ గుడ్డ తానుల వెనక దాక్కున్నాడు. నిజంగా.

"మూడో ఏడు గూడ మీ కార్డొచ్చింది" అన్నాడు. "అమ్మ బియ్యం డబ్బల దాసుకున్నది. అండ్ల అడ్రస్ లేకుండె. ఉంటే అప్పుడే పోతుండె అమ్మ, నాకు చెప్పకుంట."

నవ్వించే మాట ఒకటి నాలుక దాకా వచ్చింది. మింగేశాను. నా జీవితంలో మొదటిసారి.

"అమ్మ అన్నం ముడ్తలేదు. బాపు మగ్గమెక్కుతలేడు." గోడకేసి చూస్తూ అన్నాడు. తర్వాత, "ఒక జత ఇయ్యి."

"ఎవరికన్నా?"

నన్ను చూసిన చూపుకు గల్లా కింద దూరదామనుకున్నాను. "తెల్వదా నీకు? అడ్రస్ అచ్చేసినోనివి."

పంచెలు దించాను. వద్దన్నాడు. ప్యాంటు, షర్టు గుడ్డ అడిగాడు. "ఏం రంగు చూపెట్టమంటవన్నా?" అన్నాను.

గుడ్డలన్నీ చేత్తో తడిమి చూశాడు, నేతపనివాడు కదా. చివరికి మట్టిరంగుది పక్కకు లాగాడు.

"గిది. దినమంత దుబ్బల బండి తోల్తడు. మాసినా కనబడది."

పొట్లం కడుతుంటే మామ గుడ్డల వెనక నుంచి ముక్కు చీదాడు. ఈసారి ఆ ఏడుపును నమ్మాను.

ఓంకార్ క్షమించమని ఎవరినీ అడగలేదు. అడుగుతాడని నాకు నమ్మకం కూడా లేదు. అల్లుడి పేరు ఒక్కసారీ పలకలేదు. రాంచందర్ గారు వస్తారో రారో తెలియదు. తల్లీ కొడుకులు రేపు మొదటి బస్సుకు బయల్దేరుతున్నారని మాత్రం తెలుసు. దేవదాస్‌ను బండి కడిగి ఉంచమను. మూట తిప్పి పంపకు అక్కా. రూలు పక్కన పెట్టు.

మా లిస్టులో వాసంతిగారి అత్తింటి చిరునామా గడి ఖాళీ చేశాను. ఆమె రాయమంటేనే రాస్తాను. అడుగు.

తమ్ముడు
వినయ్

*

మద్దిగూడెం,
మార్చి.

వినయ్,

పని ఎక్కువగా ఉంది, కార్డు ముక్కతో సరిపెట్టుకో.

మూట బట్వాడా అయింది. తీసుకున్నవాళ్లు ఇద్దరు, రెండు పీటల మీద. రెండో పీట లేకపోతే పోస్టాఫీసు స్టూలు ఇచ్చాను. ఓంకార్ ఈసారి గడప లోపల నిలబడ్డాడు. తండ్రి రాలేదు గానీ ఒక జంఖానా నేసి పంపాడు.

మట్టిరంగు గుడ్డ కత్తిరించి మిషను మీదికి ఎక్కించింది వాసంతి. కుడిచేయి చాపలేడు కదా, చొక్కాకు ఆ వైపు చేతిని కాస్త వదులుగా కుడుతోంది.

అత్తింటి గడి అడిగాను. "మద్దిగూడెం, పోస్టాఫీసు పక్కన. రాసుకోమనున్రి" అంది.

నవనీత